మెలకువ డ్యూటీ

ఆల్ నైట్ ప్రేయర్‌లో పాటలు, సాక్ష్యాలు అందరికీ పంచగా నాకు మిగిలింది కునికేవాళ్లను తట్టి లేపే పని. "మీకెలాగూ నిద్ర తక్కువ కదా బ్రదర్" అన్నారు పాస్టరుగారు. దాన్ని నా ఆత్మీయ స్థితికి సర్టిఫికెట్టుగా తీసుకున్నాను.

"మెలకువగా ఉండి ప్రార్థనచేయుడి" అని మత్తయి 26:41లోని మాట చీటీ మీద జెల్ పెన్నుతో పెద్దక్షరాల్లో రాసుకున్నాను. ఎవరు తూలితే వాళ్ల కళ్ల ముందు ఆడించడానికి.

పన్నెండు దాటాక ఒక పెద్దాయన దొరికారు. భుజం తడితే కళ్లు తెరవకుండానే అన్నారు: "యేసు చెప్పిన కథలో పెళ్లికొడుకు కోసం దీపాలతో కాచుకున్న పదిమంది కన్యకలూ కునికారు బాబూ, బుద్ధిగలవాళ్లతో సహా. మత్తయి 25:5. తేడా అంతా నూనె దగ్గరే." నిజమే, వాక్యం అలాగే ఉంది. నోరు మూసుకుని ముందుకు కదిలాను.

కిటికీ గట్టు మీద ఒక కుర్రాడు తూగుతున్నాడు. బైబిల్లో త్రోయ అనే ఊళ్లో అపొస్తలుడు పౌలు అర్ధరాత్రి దాకా ప్రసంగిస్తుంటే ఐతుకు అనే కుర్రాడు ఇలాగే మూడో అంతస్తు నుంచి పడ్డాడని బెదిరించాను. "మళ్లీ బతికాడుగా అంకుల్" అన్నాడు. సండే స్కూల్లో బాగానే చెబుతున్నారు.

రెండింటికి అందరం మోకరించాం. మోకాళ్ల మీద ఉండి, కుర్చీలో తల ఆనించే భంగిమ ఉంది చూశారూ, వెనకనుంచి చూస్తే భక్తికీ నిద్రకీ తేడా తెలియదు. భుజాలు ఎగిరెగిరి పడితే కన్నీటి ప్రార్థన అనుకుంటారే తప్ప గురక అనుకోరు. చీటీ కుర్చీలో పెట్టి, దాని మీద చెంప ఆనించి మొదలుపెట్టాను. "ప్రభువా, వీళ్లు ఒక గడియైనా మేల్కొని ఉండలేకపోతున్నారు..."

ఆ తర్వాత ఏం ప్రార్థించానో నాకు తెలియదు.

ఎవరో డొక్కలో పొడిచారు. కిటికీ కుర్రాడు! "అంకుల్, ముగింపు ప్రార్థన మిమ్మల్నే చేయమంటున్నారు." చటాలున లేచి, గొంతు సవరించుకుని, నోటికి అలవాటైన ప్రార్థన అందుకున్నాను. "ప్రేమగల తండ్రీ, ఈ ఆహారాన్ని దీవించు, వండిన చేతుల్ని ఆశీర్వదించు..."

ఆమేన్ అన్నది ఒక్క పెద్దాయనే. అదీ నిద్రలోంచే.

బయట చెయ్యి కలిపిన ప్రతివాళ్లూ నా మొహంకేసి ఒకింత ఎక్కువసేపే చూశారు. జాగరణ తేజస్సు కాబోలనుకున్నాను. ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే, చెమటకో చొంగకో సిరా కరిగి చెంపంతా నీలం. మొహం మీద తిరగబడి అచ్చయిన అక్షరాలు అద్దంలో మాత్రం చక్కగా చదవడానికొస్తున్నాయి: "మెలకువగా ఉండి".