అవి క్లబ్బులా, రైల్వే స్టేషన్లా?

రాత్రి పన్నెండున్నర దాటింది. పొద్దున్నే తొమ్మిదింటికి మీటింగ్. అయినా ఇది కక్కేస్తే గానీ నాకు నిద్ర పట్టేలా లేదు. మా ఆవిడ రెండుసార్లు లైటు ఆర్పమంది. మూడోసారి అనలేదు, అంటే కోపం వచ్చిందన్నమాట. రానీ.

ఇవాళ మధ్యాహ్నం మాంచెస్టర్‌లో మా తోడల్లుడి ఇంట్లో భోజనాలు. మా మరదలి కూతురి పుట్టినరోజు. ఓ పాతికమంది తెలుగువాళ్లం చేరాం. ఆడవాళ్లు వంటింట్లో, మగవాళ్లు టీవీ ముందు. ఎన్ని సముద్రాలు దాటినా ఈ ఒక్క పద్ధతి మాత్రం మనల్ని వదల్లేదు (నేనూ టీవీ ముందే కూర్చున్నాను, ఒప్పుకుంటున్నా). టీవీలో ఎవరో మాజీ ఫుట్‌బాల్ స్టార్‌కి ఒక క్లబ్ మేనేజర్ పోస్టు ఇవ్వాలా వద్దా అని చర్చ. కోచ్‌గా అనుభవం చూస్తే గుండుసున్నా. నేను నోరు మూసుకుని పులిహోర తినొచ్చు కదా. తినలేదు. "ఇలాంటివాళ్లకి ఇచ్చే బదులు ఆ జాన్ కోల్మన్‌కి ఒక్క ఛాన్స్ ఇచ్చుంటే తెలిసేది" అన్నాను.

"ఎవరన్నయ్యా ఆయన? ఏ క్లబ్‌కి ఆడాడు?" అన్నాడు మా తోడల్లుడు. ఒంటి మీద మాంచెస్టర్ సిటీ జెర్సీ.

"సౌత్‌పోర్ట్, రన్‌కార్న్, మోర్‌కాంబ్, విటన్ ఆల్బియన్..."

"అవి క్లబ్బులా, రైల్వే స్టేషన్లా?"

హాలంతా ఘొల్లుమంది. మా మామగారైతే పొలమారేదాకా నవ్వారు. వంటింట్లోంచి మా ఆవిడ నవ్వు కూడా వినిపించింది, పదిహేనేళ్లుగా వింటున్న నవ్వు, గుర్తుపట్టలేనా? నిజానికి ఆ పేర్లలో మూడు ఊళ్లకి రైల్వే స్టేషన్లు ఉన్నాయి. అది వేరే విషయం.

సరే బాబూ, ఆయన ఆడింది స్టేషన్లకే. 1962లో లివర్‌పూల్ వైపు పుట్టాడు. ఫార్వర్డ్. ఆటగాడిగా జీవితమంతా నాన్-లీగ్‌లోనే గడిపాడు. నాన్-లీగ్ అంటే తెలియనివాళ్లకి చెబుతున్నా, ఇంగ్లండ్‌లో పైన ఉన్న నాలుగు డివిజన్లకీ కింద ఉండే లోకం అది. అక్కడ 500కు పైగా గోల్స్ కొట్టాడని చెబుతారు. ఆ నాలుగు డివిజన్లలో ఒక్కదాంట్లో కూడా ఎవరూ పిలిచి చొక్కా ఇవ్వలేదు. బడిపంతులుగా కూడా పనిచేశాడు.

అలాంటివాడు 1999లో యాక్రింగ్టన్ స్టాన్లీ అనే క్లబ్‌కి మేనేజర్‌గా వచ్చాడు. అప్పుడే ఇంకో మెట్టు కిందికి పడిపోయిన క్లబ్ అది. పైనుంచి లెక్కపెడితే ఏడో మెట్టు. వచ్చిన మొదటి సీజన్‌లోనే పైకి లాగాడు. 2003లో మరో మెట్టు. 2006లో కాన్ఫరెన్స్ అనే ఐదో మెట్టు గెలిచి నాలుగో డివిజన్‌లోకి తీసుకొచ్చాడు. 2018లో ఆ డివిజన్ కూడా గెలిచాడు, 93 పాయింట్లతో. అంటే ఏడు నుంచి మూడు దాకా, అదే క్లబ్, అదే మనిషి, పక్కన అదే అసిస్టెంట్ జిమ్మీ బెల్. మధ్యలో రెండున్నరేళ్లు వేరేచోట తిరిగొచ్చాడు, దాని దగ్గరికి వస్తాను.

యాక్రింగ్టన్ ఊరి జనాభా ముప్పై ఐదు వేల చిల్లర. స్టేడియంలో పట్టేది ఐదు వేల పైచిలుకు. ఒక పక్క బ్లాక్‌బర్న్, ఇంకో పక్క బర్న్‌లీ, రెండూ ప్రీమియర్ లీగ్ (అన్నిటికన్నా పై డివిజన్) చూసిన క్లబ్బులు. ఆ రెండింటి మధ్య ఇరుక్కుని బతకడమే గొప్ప. నేను ఆ స్టేడియంలో వానలో నిలబడి చూస్తాను మ్యాచ్‌లు. మా ఆవిడ అంటుంది, "డబ్బులిచ్చి జలుబు కొనుక్కునే మగాణ్ణి నిన్నే చూశాను" అని.

ఇంకొక్క సంగతి చెప్పకపోతే నా కడుపుమంట చల్లారదు. పాత యాక్రింగ్టన్ స్టాన్లీ 1962లో అప్పుల పాలై సీజన్ మధ్యలోనే లీగ్‌లోంచి తప్పుకుంది. ఆ ఖాళీలోకి వచ్చింది ఆక్స్‌ఫర్డ్ యునైటెడ్. ఆ పాత క్లబ్ మూతపడింది, 1968లో అదే పేరుతో కొత్తది పెట్టుకున్నారు ఊరివాళ్లు. 2006లో కోల్మన్ టీమ్ పైకొచ్చిన ఏడాదే కిందికి పడిపోయిన రెండు క్లబ్బుల్లో ఒకటి ఎవరో తెలుసా? ఆక్స్‌ఫర్డ్ యునైటెడ్! నలభై నాలుగేళ్ల తర్వాత కుర్చీ వెనక్కి లాక్కున్నారు. ఎవరైనా కథగా రాస్తే నమ్మబుద్ధి కాదు. ఇది చెబుదామని నోరు తెరిచేలోపు కేక్ కటింగ్ అని పిలిచేశారు.

కేక్ కట్ చేశాక మళ్లీ మొదలు. మా తోడల్లుడు ఫోన్‌లో ఒక పాత పాల ప్రకటన పెట్టాడు. 1989 నాటిది. లివర్‌పూల్ చొక్కాలు వేసుకున్న ఇద్దరు పిల్లలు. పాలు తాగకపోతే యాక్రింగ్టన్ స్టాన్లీకి ఆడటానికి తప్ప పనికిరావని లివర్‌పూల్ స్టార్ ఇయన్ రష్ చెప్పాడంటాడు ఒకడు. వాళ్లెవరు అంటాడు రెండోవాడు. అదే మరి, అంటాడు మొదటివాడు. అయిపోయింది. ఆ ఒక్క ప్రకటనతో ఒక ఊరి పేరు జోకైపోయింది. ఇన్నేళ్ల తర్వాత, కూకట్‌పల్లి నుంచి 2019లో వచ్చిన మా తోడల్లుడికి కూడా ఆ జోకు దొరికింది. ఆ క్లబ్ ఎన్ని మెట్లు ఎక్కిందో మాత్రం దొరకలేదు.

2019లో దిగాడు, దిగిన వారానికల్లా సిటీ ఫ్యాన్. ఎందుకంటే అప్పుడు కప్పులన్నీ వాళ్లే గెలుస్తున్నారు కాబట్టి. ఎక్కే బండి ఏదో చూసి ఎక్కడం మన రక్తంలోనే ఉంది. నాయనా, 1999 మే నెలలో నీ సిటీ ఎక్కడుందో తెలుసా? మూడో డివిజన్‌లో. వెంబ్లీలో గిల్లింగ్‌హామ్ మీద రెండు గోల్స్ వెనకబడి, ఆఖరి నిమిషాల్లో రెండూ సమం చేసి, పెనాల్టీల్లో బతికి బయటపడింది. కోల్మన్ 2018లో స్టాన్లీని ఎక్కించింది సరిగ్గా ఆ డివిజన్‌లోకే. ఇది అక్కడే అనాల్సింది. ఇంటికొచ్చేదాకా గుర్తు రాలేదు. ఎప్పుడూ ఇంతే నాకు, జవాబు కారులో వస్తుంది.

ఇక స్టార్ల సంగతి. గ్యారీ నెవిల్ ఆటగాడిగా గొప్పవాడే, కాదన్నవాడు లేడు. 2015 డిసెంబర్‌లో ఏకంగా స్పెయిన్‌లోని వలెన్సియా క్లబ్‌నే చేతిలో పెట్టారు. అంతకుముందు ఒక్క క్లబ్‌కి మేనేజర్‌గా చేసినవాడు కాదు. బార్సిలోనా చేతిలో 7-0, నాలుగు నెలలు తిరక్కుండా ఇంటికి. ఇంకో స్టార్ వేన్ రూనీ 2023 అక్టోబర్‌లో బర్మింగ్‌హామ్‌కి మేనేజర్‌గా వచ్చేసరికి టీమ్ ఆరో స్థానంలో ఉంది. 15 మ్యాచ్‌లు, రెండు గెలుపులు. పంపించేసరికి ఇరవయ్యో స్థానం. ఆ సీజన్ చివర్లో బర్మింగ్‌హామ్ కింది డివిజన్‌కి పడింది. రూనీకి ఏమైంది? ఆ వేసవిలోనే ప్లిమత్ వాళ్లు పిలిచి ఇంకో ఉద్యోగం ఇచ్చారు. ఏడాది తిరక్కుండా అదీ పోయింది. అలా పడటానికైనా అంత ఎత్తున ఒకసారి నిలబెట్టాలి కదా ఎవరైనా. కోల్మన్‌ని పై రెండు డివిజన్లలో ఒక్కరు నిలబెట్టలేదు.

మా తోడల్లుడు వదులుతాడా? గూగుల్ చేశాడు. "అన్నయ్యా, రోచ్‌డేల్‌లో ఫెయిలయ్యాడుగా!" అయ్యాడు. 2012 జనవరిలో వెళ్లాడు, అప్పటికే అడుగున కొట్టుకుంటున్న టీమ్, ఆ సీజన్లో కిందికి పోయింది, 2013 జనవరిలో తీసేశారు. తర్వాత సౌత్‌పోర్ట్, ఐర్లండ్‌లో స్లైగో. ఏదీ నిలవలేదు. 2014 సెప్టెంబర్‌లో మళ్లీ స్టాన్లీకే వచ్చాడు. ఒక్క సంవత్సరం వంక దొరికింది మా వాడికి. అంతకుముందు పన్నెండేళ్లు కనిపించవు. 2012లో వెళ్లేనాటికి లీగ్ మొత్తంలో ఒకే క్లబ్‌లో ఎక్కువకాలం పనిచేస్తున్న మేనేజర్లలో మాంచెస్టర్ యునైటెడ్ ఫెర్గూసన్, ఆర్సెనల్ వెంగర్, ఆ తర్వాత ఇతనే. ఆ రెండు పేర్లూ తెలియనివాడు లేడు. మూడోవాడు రైల్వే స్టేషన్!

ఇప్పుడు అసలు విషయం చెబుతాను. ఇది ఫుట్‌బాల్ గొడవ కాదని మీకు ఈపాటికే అర్థమై ఉంటుంది.

భోజనాల దగ్గర కొత్తగా వచ్చిన జంట ఒకటి ఉంది. మా మామగారు పరిచయం చేశారు. "మా చిన్నల్లుడు, ఎన్‌ఐటీ వరంగల్." తర్వాత నా వైపు చెయ్యి చూపించి, "పెద్దల్లుడు. ఈయన కూడా సాఫ్ట్‌వేరే."

కూడా.

పదిహేనేళ్లయింది ఆ ఇంటి అల్లుణ్ణయి. నాది పల్నాడులో బస్సు దిగాక ఆటో ఎక్కితే గానీ రాని కాలేజీ. పేరు చెబితే "అదెక్కడుందండీ?" అంటారు. ఇంటర్వ్యూల్లో అడిగారు, పెళ్లిచూపుల్లో అడిగారు, ఇక్కడికొచ్చాక మనవాళ్లే అడిగారు. తెల్లవాళ్లు అడగలేదు, వాళ్లకి అన్నీ ఒకటే. ఇదివరకటి ఆఫీసులో ఏడేళ్లు అర్ధరాత్రి మధ్యలో ఆగిపోయిన కంప్యూటర్ జాబులన్నీ లేపింది నేను. ఏ ఫైలు ఎక్కడ ఇరుక్కుంటుందో కళ్లు మూసుకుని చెప్పేవాణ్ణి. టీమ్ లీడ్ పోస్టు ఖాళీ అయితే పెద్ద కంపెనీ పేరున్న ఒకాయన్ని బయటినుంచి తెచ్చారు. ఆయనకి సిస్టమ్ అంతా నేర్పే పని ఎవరికిచ్చారో ఊహించండి. అదీ మూడు వారాల్లో నేర్పాలట. ఆయన పది నెలల్లో వెళ్లిపోయాడు, ఇంకా పెద్ద పోస్టుకి. రూనీలు అన్ని ఆఫీసుల్లోనూ ఉంటారు.

పోనీ ఇదంతా దొరల దేశం గోల అనుకుందామంటే అదీ లేదు. హైదరాబాద్‌లోనే పుట్టి పెరిగిన మా తోడల్లుణ్ణి అడిగాను, "రహీం సాబ్ ఎవరో తెలుసా?" అని. తెలియదు. సయ్యద్ అబ్దుల్ రహీం కూడా బడిపంతులే. దేశం తరఫున ఆడినవాడు కాదు. 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఏషియన్ గేమ్స్ బంగారు పతకాలు మన దేశం ఫుట్‌బాల్ టీమ్‌కి ఆయన కోచ్‌గా ఉండగానే వచ్చాయి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. జకార్తా ఫైనల్లో దక్షిణ కొరియాని 2-1తో కొట్టిన మరుసటి ఏడే ఆయన క్యాన్సర్‌తో పోయారు. "ఆయన ఎక్కడ ఆడాడు?" అని ఆ రోజుల్లో ఎవరైనా అడ్డుపడి ఉంటే? "ఓహో, అలాగా" అన్నాడు మా వాడు, ఫోన్ చూసుకుంటూ.

స్టాన్లీ విషయంలో నాకు అన్నిటికన్నా మంట 2016. ఆఖరి రోజు. స్టాన్లీ గెలిస్తే నేరుగా మూడో డివిజన్. స్టీవనేజ్‌తో 0-0. అవతల అదే చోటు కోసం పోటీపడుతున్న బ్రిస్టల్ రోవర్స్ తన మ్యాచ్‌లో ఇంజురీ టైమ్‌లో గోల్ కొట్టింది. ఇద్దరికీ పాయింట్లు సమానం, గోల్ తేడాతో వాళ్లు వెళ్లిపోయారు. మిగిలిన ఒక్క చోటు కోసం ఆడే ప్లేఆఫ్‌లో వింబుల్డన్ క్లబ్ చేతిలో ఓటమి. ఆ వేసవిలో మా ఆటగాళ్లు విండాస్, క్రూక్స్ ఇద్దరూ స్కాట్లండ్‌లోని రేంజర్స్ క్లబ్‌కి వెళ్లారు. చేతిలో ఉన్న మంచి ఆటగాళ్లు పోయాక ఇంకొకడైతే మూట కట్టేసేవాడు. ఈయన మళ్లీ మొదలుపెట్టి రెండేళ్లలో డివిజన్ గెలిపించాడు. బిల్లీ కీ ఆ సీజన్లో లీగ్‌లో 25 గోల్స్ కొట్టాడు.

2023లో కిందికి పడ్డారు, నిజమే. 2024 మార్చిలో కోల్మన్‌నీ జిమ్మీ బెల్‌నీ తీసేశారు. సీజన్ చివరిదాకా కూడా ఆగలేదు. ఓనరు డబ్బు పెట్టాడు, నష్టాలు మోశాడు, ఆయన బాధ ఆయనది, కాదనను. కానీ ఏడో మెట్టు నుంచి ఎత్తుకొచ్చినవాణ్ణి మార్చిలో పంపిస్తారా అండీ? మే దాకా ఆగితే కొంపలు మునిగిపోయేవా? ఆ వార్త నేను ఆఫీసులో చదివాను. పక్క సీటాయన అడిగాడు, ఎవరైనా పోయారా అని.

ఇప్పుడే ఫ్యామిలీ గ్రూప్‌లో మా తోడల్లుడు ఫోటో ఒకటి పెట్టాడు. రన్‌కార్న్ రైల్వే స్టేషన్ బోర్డు. కింద "కోల్మన్ గారి హోమ్ గ్రౌండ్" అని రాశాడు. మా మామగారు మూడు నవ్వు బొమ్మలు పెట్టారు. మా ఆవిడ ఒకటి పెట్టింది. అంటే పడుకోలేదన్నమాట, లైటు వల్ల కాదన్నమాట.

వచ్చేటప్పుడు మా మరదలు పులిహోర స్టీలు డబ్బాలో సర్దిచ్చింది. ఇది రాస్తూ సగం ఖాళీ చేశాను. బాగా కుదిరింది, ఇంగువ దండిగా పడింది. డబ్బా మాత్రం తిరిగి ఇవ్వను.