కాలు మోపని పచ్చికకు తాగునీరెందుకు?

వంద చదరపు మీటర్ల లాన్ మండు వేసవిలోనూ పచ్చగా ఉండాలంటే వారానికి సుమారు 25 మిల్లీమీటర్ల నీరు పట్టాలి. చదరపు మీటరు నేల మీద మిల్లీమీటరు నీరంటే లీటరు. ఆ లెక్కన వారానికి 2,500 లీటర్లు. 15 లీటర్ల బకెట్టుతో మోసి పోయాలంటే 167 సార్లు తిరగాలి. గొట్టం తిప్పితే చాలు కనుక ఆ బరువు మన భుజాలకు తెలియడం లేదు. అదీ మామూలు నీరు కాదు. వడగట్టి, క్లోరిన్ కలిపి, పంపులతో ఎక్కించిన తాగునీరు. గడ్డి కోసే మనిషి తప్ప మరెవరూ అడుగుపెట్టని పచ్చిక మీద దాన్ని కుమ్మరించడం ఆపాలన్నది ఈ పత్రిక అభిప్రాయం. ఆపిన చోట రాళ్లు పరవకూడదు, తోట పెంచాలి. ఈ రెండో మాటను మేము మరింత గట్టిగా చెబుతున్నాం.

పచ్చిక మీద మాకు కోపం లేదు. పిల్లలు పరుగెత్తే చోట, బంతాట ఆడే చోట, సాయంత్రం నలుగురు కూర్చునే చోట గడ్డిని మించినది లేదు. అక్కడ దానికి పోసిన నీరు వృథా కాదు. గోడకూ దారికీ మధ్య మిగిలిన పట్టీలు, కార్యాలయాల ముంగిళ్లు, రోడ్డు డివైడర్లు, ‘గడ్డి మీద నడవరాదు’ అని పలక పాతిన జాగాలు... మా అభ్యంతరమల్లా వీటి మీదే. నడవకూడని గడ్డిని పెంచడమెందుకు?

ఈ ప్రశ్నను చట్టంలోకి తెచ్చిన ప్రాంతం ఒకటుంది. కొలరాడో నది మీద ఆధారపడిన లాస్ వేగస్ లోయలో అలంకారానికి మాత్రమే పెంచే గడ్డికి 2026 చివరి తర్వాత ఆ నది నీరు వాడరాదని అమెరికాలోని నెవాడా రాష్ట్రం 2021లో చట్టం చేసింది. విడిగా ఉండే ఇళ్లను మినహాయించి వాణిజ్య సముదాయాలకు, రోడ్డు పక్క జాగాలకు దాన్ని వర్తింపజేసింది. అక్కడి నీటి సంస్థ అంచనా ప్రకారం గడ్డి తీసి తక్కువ నీటి తోట వేస్తే చదరపు అడుగుకు ఏటా 55 గ్యాలన్లు, అంటే 200 లీటర్లకు పైగా ఆదా అవుతుంది. గడ్డి తీసినవారికి ఆ సంస్థ ప్రోత్సాహకం ఇస్తుంది. అందుకు పెట్టిన షరతు మాకు నచ్చింది: నాటిన మొక్కలు పెరిగేసరికి ఆ జాగాలో కనీసం సగం ఆకుల కింద ఉండాలి.

ఆ షరతు అవసరం ఎందుకొచ్చిందో చెప్పుకోవాలి. తక్కువ నీటి తోటలకు డెన్వర్ నగర నీటి సంస్థ 1981లో ‘జెరిస్కేప్’ అని పేరు పెట్టింది. గ్రీకులో ‘జెరోస్’ అంటే పొడి. చాలామంది నోట్లో అది ‘జీరోస్కేప్’ అయి కూర్చుంది. మాటతో పాటు పనీ మారిపోయింది. గడ్డి పీకి, ప్లాస్టిక్ పట్టా పరిచి, పైన కంకర పోసి, మూలకో నాగజెముడు నాటి తోట అయిందనుకుంటున్నారు. అలాంటి జాగా పక్కన మిట్టమధ్యాహ్నం నిలబడితే తెలుస్తుంది, కింది నుంచి కొట్టే సెగ. పొద్దువాలినా రాళ్లు వేడి కక్కుతూనే ఉంటాయి. రెండేళ్లకు రాళ్ల సందుల్లో దుమ్ము చేరుతుంది, అందులో గాలికి కొట్టుకొచ్చిన గింజలు మొలుస్తాయి. పట్టా కింది మట్టికి రాలిన ఆకు అందదు, వానపాము ఉండదు. నకిలీ పచ్చికదీ ఇదే కథ. ఎండలో అది అసలు గడ్డి కంటే ఎంతో ఎక్కువ వేడెక్కుతుంది. గడ్డి నీరు తాగినా ఆ నీటిని ఆవిరి చేసి పరిసరాలను చల్లబరిచేది. దాన్ని తీసేస్తున్నామంటే ఆ చల్లదనాన్ని నీడతో భర్తీ చేయాల్సిన బాధ్యత మనదే.

కాబట్టి పని మట్టితో మొదలవ్వాలి. లాన్‌లో ఒకచోట పారతో చదరంగా కోసి పెళ్ల పైకెత్తి చూడండి. పొట్టిగా కోస్తూ, రోజూ పైపైన తడుపుతూ పెంచిన గడ్డయితే వేళ్లన్నీ పై రెండు మూడు అంగుళాల్లోనే చాపలా అల్లుకుని ఉంటాయి. కింది మట్టి తరచూ గట్టిపడి, పాలిపోయి కనిపిస్తుంది. కొత్త మొక్క వేరు దిగాల్సింది ఆ మట్టిలోకే. దున్నేస్తే సరిపోతుందనుకోవడం పొరపాటు. గరిక జాతి గడ్డిని దున్నితే తెగిన ప్రతి కణుపూ కొత్త మొక్కవుతుంది. దానికంటే అట్టలను అంచులు కలిసేలా పరిచి, తడిపి, పైన కంపోస్టు, చెక్క పొట్టు దట్టంగా కప్పితే చాలా గడ్డి వెలుతురు అందక చచ్చి మట్టిలోనే కలుస్తుంది. గరిక మాత్రం అంచుల్లోంచి తల ఎత్తుతుంది. నెలల తరబడి కనిపెట్టుకుని పీకాల్సిందే.

మొక్కల ఎంపికలో అందం తర్వాతి మాట. ఒకే దాహం ఉన్నవాటిని ఒకచోట చేర్చాలి. కలబంద పక్కన అరటి నాటితే ఒకటి కుళ్లుతుంది, లేదా ఇంకొకటి ఎండుతుంది. ఆ నేలలో, ఆ వానలో తరతరాలుగా బతుకుతున్న పొదలకే మొదటి చోటు ఇవ్వాలి. గన్నేరు ఎండకు తట్టుకుంటుంది, నిజమే. దాని ఆకూ పువ్వూ అన్నీ విషం, పసిపిల్లలు తిరిగే చోట వద్దు. మొక్కల మధ్య రెండు మూడు అంగుళాల మందాన ఎండుటాకులో చెక్క పొట్టో కప్పి, కాండానికి తగలకుండా వదలాలి. నీరు డ్రిప్ ద్వారా ఇస్తే మేలు.

‘తక్కువ నీటి’ అన్న మాట విని తొలి ఏడాదే నీళ్లు ఆపేసేవారున్నారు. నర్సరీ కుండీలోంచి వచ్చిన మొక్కకు వేళ్లు ఇంకా పిడికెడే. ఎడారి మొక్కయినా నేలలోకి వేరు దిగేదాకా దానికి క్రమం తప్పని తడి కావాలి. తర్వాత తడికీ తడికీ మధ్య రోజులు పెంచుతూ, పోసినప్పుడు లోతుకు దిగేలా పోయాలి.

ప్రభుత్వ కార్యాలయాలే ముందుగా తమ ముంగిళ్లను మార్చి చూపాలి. ఇంటి ముందు పచ్చిక తప్పనిసరి అనే నిబంధనలను నివాస సంఘాలు రద్దు చేయాలి. ప్రోత్సాహకాలు ఎక్కడ ప్రకటించినా గడ్డి తీసిన విస్తీర్ణాన్ని చూసి డబ్బివ్వకూడదు, పెరిగిన ఆకునీడను కొలిచి ఇవ్వాలి.

ఒక్క విషయంలో ఆలస్యం పనికిరాదు. లాన్ మధ్యలో పెరిగిన చెట్లు ఇన్నేళ్లూ స్ప్రింక్లర్ల నీటితోనే బతికాయి. గడ్డితో పాటు ఆ నీరూ ఒక్కసారిగా ఆగిపోతే చెట్టు వెంటనే చెప్పదు. మరుసటి వేసవికో ఆపై వేసవికో చిటారు కొమ్మలు ఎండటం మొదలవుతుంది. అప్పటికి చేయగలిగేది పెద్దగా ఉండదు. అందుకే స్ప్రింక్లర్లు విప్పే రోజే చెట్లకు విడిగా గొట్టం వేయాలి. నీరు పీల్చే సన్నని వేళ్లు కాండం మొదట్లో తక్కువ, దూరంగా ఎక్కువ. పాదును కొమ్మల అంచు కిందికీ, ఆపైకీ జరిపి తవ్వాలి.