ధాత కరువును మరిచిపోయి ‘ఏమీ మారలేదు’ అంటే ఎలా?

ఆగస్టు వస్తే చాలు, మా అనంతపురం వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మెసేజ్ తిరుగుతుంది: "స్వాతంత్ర్యం వచ్చి ఏం మారింది? తెల్లవాళ్ల కాలంలో ఆకలి లేదు, కాలువలు తవ్వించారు. ఇప్పుడు దొరలు మారారు, అంతే." చూసి ఊరుకోలేక రాస్తున్నాను.

ఆకలి లేదా? సీమలో పుట్టినవాళ్లు అనాల్సిన మాటేనా అది? 1876-78 నాటి ధాత కరువులో కర్నూలు, కడప, బళ్లారి జిల్లాల్లో జనం పిట్టల్లా రాలిపోయారు. మన అనంతపురం అప్పటికి బళ్లారిలోనే ఉండేది. కరువు పనికి వచ్చిన మగమనిషికి రోజుకు ఒక పౌను గింజలు, ఒక అణా చాలని తెల్లవాళ్ల సర్కారు పంపిన అధికారి రిచర్డ్ టెంపుల్ తేల్చాడు. పౌనంటే అరకిలో కూడా కాదు. ఎండలో మట్టి మోసే మనిషికి అది ఏ మూలకు? ఇంగ్లండుకు గోధుమల ఎగుమతి మాత్రం ఆపలేదు.

ఉపాధి పనిని మా అమ్మ ఇప్పటికీ ‘కరువు పని’ అనే అంటుంది. 2006 ఫిబ్రవరి 2న ఆ పథకాన్ని మొదలుపెట్టింది మన జిల్లా బండ్లపల్లిలోనే. అమ్మ జాబ్ కార్డు ట్రంకుపెట్టెలో, పెళ్లిచీర మడతలో ఉంటుంది. అంచులు అరిగిపోయాయి, చెమటకు సిరా అలుక్కుపోయింది. ఒకసారి వారాల తరబడి కూలి పడకపోతే ఆ కార్డు పట్టుకుని ఆఫీసుకు పోయి, "నేను చేసిన రోజులు ఇందులో ఉన్నాయి, నా డబ్బులేవి సార్?" అని నిలదీసింది. నాలుగుసార్లు తిరిగితే గానీ రాలేదు, నిజమే. 1877లో మట్టి మోసిన ఆడమనిషికి చూపించడానికి ఏ కార్డుంది, ఏ చట్టముంది?

కాలువల సంగతి. కేసీ కెనాల్ (కర్నూలు-కడప కాలువ) తవ్వింది లాభం కోసం వచ్చిన ఒక కంపెనీ. దాని పెట్టుబడికి వడ్డీ హామీ సర్కారుది, అంటే మన పన్నులది. శ్రీశైలం నీళ్లను హంద్రీ-నీవా కాలువలో అనంతపురం దాకా ఎత్తిపోసుకున్నది స్వాతంత్ర్యం వచ్చాకే.

ఇక ‘దొరలు మారారంతే’ అన్నది. 1946 ఎన్నికల్లో ఓటు పన్ను కట్టేవాళ్లకో, చదువుకున్నవాళ్లకో. 1952లో చదువూ భూమీ లేని మా అవ్వ కూడా ఓటేసింది. అప్పటికి దేశంలో నూటికి తొమ్మిది మంది ఆడవాళ్లకే చదువొచ్చు. 2011కి అరవై ఐదు.

మారనివి లేవా? ఉన్నాయి. కోసిగి, ఆదోని వైపు పల్లెల్లో ఇప్పటికీ గుంటూరు మిరప కోతలకు సుగ్గికి, అంటే వలస కూలికి, పోతారు. బడి పిల్లలూ వెంటే పోతారు. ఇళ్లకు తాళాలు, అరుగుల మీద ముసలివాళ్లు. ఆ తాళం ఫొటో పెట్టి ‘ఇది మారలేదు’ అని రాయండి, అన్ని గ్రూపులకూ నేనే పంపుతాను.