బొమ్మలుంటే పిల్లల పుస్తకమేనా?
ఏ పుస్తకాలు ఎవరు చదవాలో సూచించే ఒక వ్యాసం చదివాను. ప్రేమకథలు, ఫాంటసీలు, ఆత్మకథలు పెద్దలకు సూచించి, బొమ్మలతో కథ చెప్పే గ్రాఫిక్ నవలలను మాత్రం చదివే అలవాటు లేని పిల్లలకని అందులో పక్కన పెట్టడం నాకు నచ్చలేదు. యూదుల మారణహోమం నుంచి బయటపడ్డ తండ్రి కథను ఆర్ట్ స్పీగెల్‌మన్ బొమ్మల్లో చెప్పిన ‘మౌస్’కు 1992లోనే అమెరికాలో ఇచ్చే పులిట్జర్ ప్రత్యేక పురస్కారం వచ్చింది. అమలాపురంలో ఉండే మా నాన్నగారికి మా అమ్మాయి ఆ పుస్తకం ఇచ్చింది. తండ్రి చెబుతుంటే కొడుకు వినే బొమ్మ మీద వేలు పెట్టి ఆయన చాలాసేపు పేజీ తిప్పలేదు. 1986 గోదావరి వరదలో లంకలోని ఇల్లు వదిలి, గేదెల పలుపులు కోసేసి పడవ ఎక్కిన సంగతి ఆ రాత్రే మొదటిసారి మాకు చెప్పారు. కొబ్బరిచెట్లు ఎంతవరకు మునిగాయో తాతయ్యను అడిగి అడిగి, మా అమ్మాయి ఇప్పుడు ఆ పడవ బొమ్మ గీస్తోంది.