కుక్కలు కాదు, వాటిని కట్టిన తీరు

నార్వే అన్వేషకుడు అముండ్‌సెన్‌ను దక్షిణ ధ్రువానికి ముందుగా చేర్చినవి కుక్కలేనని, అతనితో పోటీపడిన బ్రిటిష్ అన్వేషకుడు స్కాట్ పొట్టి గుర్రాలను నమ్ముకుని నష్టపోయాడని అంటుంటారు. ఇది సగం నిజమే. స్కాట్ దగ్గరా 33 కుక్కలున్నాయి. వాటిని తోలిన మీర్స్, గెరోవ్‌లకు ఆ పని తెలుసు. తేడా అంతా కుక్కను ఎలా కట్టారు, దేనికి వాడారు అన్నదానిలో ఉంది.

స్కాట్ బృందం ఒకే నడితాడుకు కుక్కలను జంటలుగా కట్టింది. ఇరుకు దారుల్లో ఇది మేలే. మంచు పగుళ్ల మీద మాత్రం ప్రాణాంతకం. 1911 ఫిబ్రవరిలో పగులును కప్పిన మంచు కూలి, జంట వెనుక జంట లోపలికి జారిపోయాయి. ముందున్న కుక్క ఒస్మాన్ కాళ్లు తన్నిపట్టి నిలబడబట్టి మిగతావి తాడుకు వేలాడుతూ బతికాయి. రెండు కుక్కలు పట్టీల్లోంచి జారి లోపలి మంచు గట్టు మీద పడితే, స్కాట్ స్వయంగా దిగి పైకి తెచ్చాడు.

అముండ్‌సెన్ వాడిన గ్రీన్‌లాండ్ వాళ్ల కట్టు విసనకర్రలా ఉంటుంది. ఏ కుక్క పగ్గం దానిదే, అన్నీ స్లెడ్జి, అంటే చక్రాల్లేని మంచుబండి, ముందు ఒక్కచోట కలుస్తాయి. కుక్కలు విడివిడిగా నడుస్తాయి కాబట్టి మంచు మీద బరువు పరుచుకుంటుంది, ఒకటి పడితే ఒకటే పడుతుంది. చిక్కేమిటంటే అవి అటూ ఇటూ మారేసరికి పగ్గాలు జడలా పెనవేసుకుంటాయి. ఆ చలిలో చేతితొడుగులు తీసి విప్పుకోవాల్సిందే.

అముండ్‌సెన్‌కూ తప్పటడుగు పడింది. తొందరపడి సెప్టెంబరు 8న బయల్దేరితే చలి మైనస్ 56 డిగ్రీలకు దిగింది. కుక్కల పాదాలు గడ్డకట్టాయి, వెనుదిరగక తప్పలేదు. అక్టోబరులో 52 కుక్కలు, 4 స్లెడ్జిలతో మళ్లీ కదిలారు. బృందంలోని బ్యాలాండ్ అప్పటికే స్లెడ్జిలను చిత్రిక పట్టి బాగా తేలిక చేశాడు. కుక్కకు రోజుకు అరకిలో పెమ్మికన్, అంటే ఎండుమాంసం కొవ్వు కలిపిన ముద్ద. దాహానికి మంచే. రోజుకు అయిదారు గంటలు నడక, మిగతాది విశ్రాంతి. నాకు అన్నిటికన్నా తెలివైన ఏర్పాటుగా తోచేది ఇదే, ఎందుకంటే అలసిన కుక్కను కొరడా లేపలేదు. కంటికి ఏదీ ఆనని తెల్లటి మైదానంలో కుక్కకు ఉత్సాహం చచ్చిపోతుంది. అందుకే ఒక మనిషి స్కీల మీద, అంటే కాళ్లకు కట్టుకుని మంచు మీద జారే పొడవాటి చెక్కల మీద, ముందు సాగేవాడు. వాలు దిగేటప్పుడు స్లెడ్జి కుక్కల మీదకు దూసుకురాకుండా అడుగు పట్టాలకు తాళ్లు చుట్టేవారు.

ఈ లెక్కలో మింగుడుపడని భాగం ఒకటుంది. ఎన్ని కుక్కలు ఎక్కడిదాకా అవసరమో, ఆ తర్వాత ఏవి మిగతావాటికి తిండి కావాలో ముందే నిర్ణయించారు. పీఠభూమి ఎక్కాక 24 కుక్కలను తుపాకీతో కాల్చేశారు. తిరిగొచ్చినవి 11. ఎవరి కుక్కలను వాళ్లే కాల్చాలన్నది నియమం. ఆ సాయంత్రం అముండ్‌సెన్ గుడారంలో, తుపాకుల మోత వినపడకూడదని, ప్రైమస్ స్టవ్‌కు పదేపదే గాలి కొడుతూ కూర్చున్నాడు.