ఆరు శాతం తక్కువ విమానం

ప్రింటు తీసి, కత్తిరించి, అతికించి చేసే కాగితపు విమానం కిట్టు మొదటి పేజీలో, ఓ మూల, చిన్న గీత ఉంటుంది. దాని కింద ‘100 మి.మీ.’ అని రాసుంటుంది. ప్రింటు తీశాక ముందు ఆ గీతను కొలవాలి. కానీ చేతిలో కత్తెర ఉన్నప్పుడు గీతలు కొలిచే ఓపిక ఎవరికుంటుంది? కొలిచుంటే 94 అని తేలేది, ఈ గొడవ అక్కడే ఆగేది.

కిట్టు గీసినాయన ఏ4 కాగితానికి గీశాడు: 210 × 297 మి.మీ. ప్రింటర్ ట్రేలో ఉన్నది లెటర్ సైజు: 215.9 × 279.4. వెడల్పు కాస్త ఎక్కువ, పొడవు కాస్త తక్కువ, దూరం నుంచి చూస్తే రెండూ కవలలే. ఇక ప్రింట్ సెట్టింగుల్లో ‘ఫిట్’ అనేది ఎవరూ పిలవకుండానే ముందే టిక్కు పెట్టుకుని కూర్చుంటుంది. అతి వినయం ధూర్త లక్షణమన్న పెద్దలకు దీని సంగతి ముందే తెలుసేమో! పొడవు పట్టదని గ్రహించి, మాటైనా చెప్పకుండా, పేజీ మొత్తాన్ని 94 శాతానికి కుదించేస్తుంది. 1:33 విమానం, అంటే అసలు విమానంలో 33వ వంతు ఉండాల్సింది, కాస్తా 1:35 అయిపోతుంది. అది యుద్ధ ట్యాంకుల మోడళ్లవాళ్ల స్కేలు. విమానం నేలమీదే ఉండిపోతుందని దానికి ముందే తెలిసిపోయిందన్నమాట.

ఇంతవరకూ కొంప మునిగిందేమీ లేదు. అన్ని పేజీలూ ఒకేలా కుదించుకుపోతే భాగాలు ఒకదానికొకటి అతుకుతాయి, విమానం కాస్త బక్కచిక్కుతుంది, అంతే. అసలు తంటా మూడో పేజీ మీద జిగురు ఒలికినప్పుడు మొదలవుతుంది. ఆ ఒక్క పేజీనే మళ్లీ తీస్తారు. ఈసారి ఎక్కడినుంచో ఏ4 కాగితం దొరుకుతుంది, ‘యాక్చువల్ సైజ్’ కూడా నొక్కుతారు. చేసిన పని ఒప్పే, కానీ చేసిన వేళ తప్పు.

ఇప్పుడు తోక దగ్గరి గొట్టం 94 శాతం, దాని లోపల నిలబడాల్సిన అట్ట బిళ్లలు నూరు శాతం. గొట్టం చుట్టుకొలత 62.8 మి.మీ. ఉండాల్సింది 59 అయింది, అంటే లోపల చోటు 18.8. బిళ్ల వ్యాసం 20. తేడా 1.2 మి.మీ.యే కదా అని బలంగా నొక్కితే అతుకు పుటుక్కున విడిపోతుంది. బిళ్లను గరుకు కాగితంతో అరగదీస్తే అది గుండ్రం పోయి కోడిగుడ్డవుతుంది. నాలుగో బిళ్లకొచ్చేసరికి, కిట్టు గీసినవాడికి లెక్కలు రావని తేల్చేస్తారు.

పోనీ, లెటర్ మీదే యాక్చువల్ సైజ్‌లో తీస్తే? పొడవులో 17.6 మి.మీ. చోటు దొరకదు, పైనా కిందా తెగుతుంది. విమానం ముక్కు సరిగ్గా ఆ అంచునే గీసుంటుంది. అంచుల్లేని ప్రింటింగ్ పెడదామంటే, తెల్ల అంచు కనబడకూడదని ప్రింటర్ బొమ్మను కాస్త సాగదీస్తుంది. ఒకటి కుదిస్తుంది, ఇంకోటి సాగదీస్తుంది. ఉన్నదున్నట్టు వదలడం మాత్రం వీటిలో ఎవరికీ చేతకాదు.

ఇంకొందరికి అంకగణితం మీద నమ్మకమెక్కువ. ఆరు తగ్గింది కాబట్టి ఆ 94 శాతం ప్రింటునే 106 శాతానికి జెరాక్స్ తీస్తారు. 94కు 106 శాతమంటే 99.64. నూరు రావాలంటే 106.4 పెట్టాలి. (మొదటి ఫైలు అక్కడే ఉండగా జెరాక్స్ ఎందుకన్న ప్రశ్న ఎవరికీ రాదు.)

కావాలనే 1:50కి తగ్గించుకునేవాళ్లకు లెక్క తేలిక: 33ను 50తో భాగిస్తే 66 శాతం. ప్రింటర్ గీతను తగ్గిస్తుంది గానీ అట్ట మందాన్ని తగ్గించదు. 1 మి.మీ. అట్టకని పెట్టిన గాడి 0.66 అవుతుంది. అట్ట మాత్రం బింకంగా 1 మి.మీ. దగ్గరే నిలబడుతుంది. పలచటి అట్టకు మారాలి, లేదా ప్రతి గాడినీ బ్లేడుతో వెడల్పు చేసుకుంటూ కూర్చోవాలి.

ఇంత జరిగాక ఎవరికైనా బుద్ధి వస్తుంది. ఈసారి కత్తెర పక్కన పెట్టి, ముందు గీతను కొలుద్దామనుకుంటారు. ఇల్లంతా వెతికినా స్కేలు దొరకదు. నెట్‌లో స్కేలు బొమ్మ ఒకటి దొరుకుతుంది, దాన్ని అదే ట్రేలోని కాగితం మీద ప్రింటు తీసి గీత పక్కన పెడతారు. వెంట్రుకవాసి తేడా లేకుండా నూరు మి.మీ.! సంబరంగా కత్తెర అందుకుంటారు. ఆ స్కేలు బొమ్మ కూడా ఏ4కే గీసింది, ‘ఫిట్’ టిక్కు ఎక్కడిదక్కడే ఉంది.