షాక్ ట్రీట్‌మెంటూ, మెదడులో గంజాయీ, మా బావా

ఈ వారంలో నాలుగోసారి వచ్చింది అదే మెసేజ్. "కరెంటు షాక్ ఇస్తే మెదడులో గంజాయి ఊరుతుంది, డిప్రెషన్ తగ్గేది అందుకే. దాని పేరే ఆనందం, మన ఋషులకు ఎప్పుడో తెలుసు. షాక్‌తో మెదడు మాడిపోతుంది, నేరుగా ఆకే వాడండి." ఈసారి పంపింది ఇంజినీరింగ్ చదివిన మా బావ.

ఋషుల్ని వదిలేద్దాం. మెసేజ్‌లోని ఆ "ఆనందం" అసలు పేరు ఆనందమైడ్, మెదడు తానే తయారుచేసుకునే, గంజాయిలా పనిచేసే రసాయనం. ఆనందమైడ్‌ను 1992లో జెరూసలేంలో మెషూలం అనే శాస్త్రవేత్త ల్యాబ్‌లో కనిపెట్టారు. పేరులోని 'ఆనంద' సంస్కృతం, అంతవరకే.

ఇక ఊరడం. అది షాక్ లేకపోయినా అందరి మెదడులోనూ ఉంటుంది, బావ మెదడులో కూడా. ఈసీటీ (ఈ షాక్ ట్రీట్‌మెంటే) తర్వాత కొద్దిమంది రోగుల వెన్ను ద్రవంలో అది పెరిగిందని 2017లో ఒక చిన్న అధ్యయనం చెప్పింది. అంతకు పదేళ్ల ముందు షాక్ ఇచ్చిన ఎలుకల్లో చూస్తే మెదడు ముందుభాగంలో తగ్గింది. దీన్ని పట్టుకుని "అందుకే" అనేశారు! మూడ్‌తో దానికి సంబంధమే లేదని నేననను. మెదడు కణాల మీద గంజాయీ, ఆనందమైడూ రెండూ తాళంలో చెవిలా అతుక్కునే సీబీ1 రిసెప్టర్‌నే మూసేసే రిమోనబాంట్ అనే బరువు తగ్గే మందును, డిప్రెషన్ తెస్తోందనే 2008లో యూరప్‌లో ఆపేశారు.

మాడటమా? మత్తు ఇచ్చి, కండరాలు సడలే మందు ఇచ్చి, కొన్ని సెకన్ల కరెంటు పెడతారు. పనిచేసేది ఆ కరెంటు మెదడులో తెప్పించే మూర్ఛ (ఫిట్స్), వేడి కాదు. మత్తు లేకుండా ఇవ్వడం మన దేశంలో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం నిషేధం.

అసలు నా ఒళ్లు మండింది "ఆకే వాడండి" దగ్గర. ఆనందమైడ్ అవసరమైన చోట పుట్టి, పని కాగానే విరిగిపోతుంది. గంజాయి అలా కాదు, మెదడంతా పరుచుకుని గంటల తరబడి కూర్చుంటుంది. తాళం ఒకటేనని దొంగ ఇంటాయన అయిపోతాడా? పైగా ఈసీటీ దాకా వచ్చేవాళ్లలో లేని గొంతులు వినేవాళ్లుంటారు, బైపోలార్ వాళ్లుంటారు. గంజాయి ఆ జబ్బుల్ని ఇంకా రాజేస్తుంది. మా పిన్ని తొమ్మిది రోజులు గోడవైపు తిరిగి పడుకుంది, చెంచాతో నీళ్లు పోస్తే పెదవుల పక్కనుంచి కారిపోయేవి. ఆమెకు చిలుం ఎవరు వెలిగిస్తారు, బావా?

ఎనిమిది ఈసీటీ సిట్టింగులయ్యాక పిన్ని లేచి పప్పుచారు పెట్టింది. కానీ ఆ సిట్టింగుల మధ్యలో జరిగిన మా చెల్లి సీమంతం ఆమెకు ఇప్పటికీ గుర్తులేదు. ఫొటోలో గాజులు తొడుగుతున్నది తనే. "ఈ చీర ఎప్పుడు కొన్నానే?" అంటుంది. అన్నీ తిరిగొస్తాయన్నారు డాక్టరు గారు. రాలేదు. ఆ మెసేజ్‌లో ఈ ముక్క ఉండుంటే నేనే ఫార్వర్డ్ చేసేదాన్ని.